చదివి పెట్టిన సంతకం

తాపీ పనివాడు తూకం కింద పడింది పొద్దున పదకొండు గంటలకి. కొత్తగా లేస్తున్న ఆరంతస్తుల భవనంలో, మూడో అంతస్తు బయటి గోడకి సిమెంటు పూత వేస్తుండగా పరంజా మీది చెక్క విరిగింది. అతని అసలు పేరు పనిలో ఎవరికీ తెలియదు. తూకం గుండు వేలాడదీసి చూసుకోకుండానే గోడ నిట్టనిలువుగా లేపుతాడని పాతికేళ్ళ కిందట ఎవరో తూకం అన్నారు, అదే ఉండిపోయింది. ఆ గోడ కిందే అతని భార్య ఇసుక జల్లిస్తోంది. ఆమెని కూలీలంతా చదువులమ్మ అనేవాళ్ళు. పదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యాక పార పట్టిన మనిషి. ఎవరి ఫోనుకి ఏ మెసేజ్ వచ్చినా, ఎవరి పిల్లల బడి నుంచి ఏ కాగితం వచ్చినా ఆమె దగ్గరికే తెచ్చి చదివించుకునేవాళ్ళు.

చెక్క విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. ఎండుపుల్ల విరిచినంత చప్పుడు, అంతే. తలెత్తేసరికి మనిషి ఇసుక కుప్ప మీద ఉన్నాడు. రెండడుగులు ఇవతల పడి ఉంటే నిలబెట్టిన ఇనుప కడ్డీల మీద పడేవాడు. "గండం గడిచింది, అదృష్టవంతుడు" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు. తూకం కళ్ళు తెరిచే ఉన్నాడు.

"నా కాళ్ళ మీద ఏం పెట్టారే? తియ్యండి" అన్నాడు భార్యతో.

కాళ్ళ మీద ఏమీ లేదు.

సిమెంటు బస్తాలు తెచ్చే వ్యానులోనే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెన్నుపూస నలిగిపోయిందని, సాయంత్రంలోగా ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణానికే మోసమని డాక్టరు చెప్పాడు. ముందు డబ్బు కట్టాలని కౌంటర్లో చెప్పారు. ఆమె చేతులకింకా సిమెంటు అంటుకునే ఉంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచక గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

మూడు గంటలకి కంపెనీ ఇంజనీరూ, మేస్త్రీ వచ్చారు. కూలీల్ని కంపెనీకి తెచ్చిపెట్టేది మేస్త్రీ. ఒకప్పుడు అతని చేతికి తాపీ ఇచ్చి పని నేర్పింది తూకమే. అందుకే అతన్ని అన్నా అనీ, ఆమెని వదినా అనీ పిలిచేవాడు.

"ఏం భయపడకు వదినా. ఆపరేషన్ ఖర్చంతా కంపెనీ పెట్టుకుంటుంది. సారు చెక్కు పుస్తకం తెచ్చారు. ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టు చాలు."

ఆమె కాగితం అందుకుని చదివింది. తన భర్త ఇంటి మెట్ల మీంచి జారిపడ్డాడనీ, ఆ రోజు పనికే రాలేదనీ, కంపెనీవాళ్ళు దయతలిచి వైద్యం చేయిస్తున్నారనీ, ఇక ముందు వాళ్ళని ఏమీ అడగననీ రాసి ఉంది.

"మా ఇంటికి మెట్లే లేవు సార్" అంది.

ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. "అది మామూలుగా రాసుకునేదేనమ్మా. ఇన్సూరెన్సు వాళ్ళతో మా తిప్పలు మావి. నువ్వు ఆలోచించుకుంటానంటే ఆలోచించుకో. డాక్టరుగారు మాత్రం ఆగరు."

"వదినా, అన్న బతకడం ముఖ్యమా, కాగితం ముఖ్యమా?" అన్నాడు మేస్త్రీ.

ఆమె ఇంకోసారి మొదటినుంచీ చదివింది. ఎక్కడైనా ఒక్క మాట వేరేగా కనిపిస్తుందేమోనని చూసింది. కనిపించలేదు. సంతకం పెట్టింది. అరగంటలో తూకాన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు.

ప్రాణం దక్కింది. నడుము కిందిది మాత్రం తిరిగి రాలేదు.

వాళ్ళుండేది రేకుల గదుల వరసలో ఒక గది. తూకం, ఆమె, అతని తల్లి. గదిలో మంచం ఒకటే. దాని మీద తూకం. అత్తాకోడళ్ళు కింద పడుకునేవాళ్ళు. రెండు గంటలకోసారి అతన్ని పక్కకి తిప్పాలి. లేకపోతే ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. పగలు ఆమె పనికి వెళ్తే ఆ పని అత్త చేసేది. డెబ్బై ఏళ్ళ మనిషి, బలం చాలక ఒక్కోసారి కొడుకుని సగం తిప్పి, ఆ సగానికే ఆయాసపడి కూర్చునేది. "పుట్టినప్పుడు కూడా ఇంతేరా నువ్వు. సగం వచ్చి ఆగావు" అనేది. అతను నవ్వేవాడు. మొదటి రోజుల్లో.

ఆరు నెలల పాటు మేస్త్రీ నెలకోసారి వచ్చి, పళ్ళు పెట్టి, మంచం పక్కన కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. "పనుల ఒత్తిడి. వాడు నన్ను మర్చిపోయే రకం కాదు" అనేవాడు తూకం. ఎవరైనా కేసు మాట ఎత్తితే ఒప్పుకునేవాడు కాదు. "పాతికేళ్ళు అన్నం పెట్టిన పని. దాని మీద కేసేంటి? వాళ్ళకి మాత్రం తెలీదా ఏం ఇవ్వాలో!"

ఆమె మాట్లాడేది కాదు. ఆమె మౌనానికి కారణం అతనికి తెలియదు.

పుండ్లు పడనే పడ్డాయి. తుంటి దగ్గరిది పిడికిలి పట్టేంత లోతయింది. మందులకీ, దూదికీ, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళే వ్యానుకీ ఆమె కూలి ఏ మూలకీ చాలేది కాదు. ఒక రోజు కట్టు కడుతుంటే తూకం అన్నాడు.

"నన్ను పెద్దాసుపత్రి గేటు దగ్గర దింపేసి వచ్చెయ్యండి. ఎవరో ఒకరు లోపలికి మోసుకుపోతారు. మీరిద్దరూ వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి."

అతని మాటలో కోపం లేదు. రేపు సిమెంటు ఎన్ని బస్తాలు కావాలో చెప్పినట్టే చెప్పాడు. ఆ మర్నాడే ఆమె పని మానుకుని లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది.

లాయరమ్మ కార్మిక సంఘం ఆఫీసులో వారానికి రెండు రోజులు కూర్చునేది. ఫీజు తీసుకోదని పక్క గది ఆవిడ చెప్పింది. లాయరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమె చెప్పిందంతా విన్నది.

"కంపెనీ రిజిస్టర్లో మీ ఆయన పేరు లేదా? లేకపోతే ఏం? మేస్త్రీ తెచ్చిన మనిషైనా, పని జరిగింది ఎవరి కోసం? కట్టించేవాళ్ళది కూడా బాధ్యతే. పనిలో దెబ్బ తగిలితే పరిహారం మీ హక్కు, వాళ్ళ దయ కాదు. కానీ రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టాలి. మీకింక నాలుగు నెలలే ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?"

ఆమె తల దించుకుంది.

"సరే. మీరు గానీ, ఆయన గానీ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా?"

"లేదండి" అంది.

నోటికి అదే వచ్చింది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి చెప్పాలనుకుంది. లోపల ఇంకెవరో కూర్చుని ఏడుస్తున్నారు. వెళ్ళిపోయింది.

తూకం చేత దరఖాస్తు మీద సంతకం పెట్టించింది అత్త. "అన్నం పెట్టిన పని అంటావేంట్రా? అన్నం ఊరికే పెట్టారా? నీ నడుం తిని పెట్టారు" అని కసిరింది. అతను గోడవైపు చూస్తూ సంతకం చేశాడు.

నెలన్నరకి కంపెనీ జవాబు వచ్చింది. లాయరమ్మ ఆమెని పిలిపించి ఒక కాగితం నకలు బల్ల మీద పెట్టింది.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"అప్పుడు లేదన్నారు."

"సిగ్గేసిందండి."

లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదు. చట్టం ఒప్పుకోదు. దాని గురించి నాకు బెంగ లేదు. కానీ ఇంటి మెట్ల మీద పడ్డాడని రాశారు చూశారా, అది హక్కు సంగతి కాదు, జరిగిన సంగతి. మీ నోటితో మీరే పని దగ్గర పడలేదన్నారు" అంది. "చదివే పెట్టారా?"

అక్కడ ఆమెకి ఒక దారి కనిపించింది. చదవలేదని చెప్పొచ్చు. తొందరలో, ఏడుపులో, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టానని చెప్పొచ్చు. అందరూ నమ్ముతారు. మట్టి మోసే ఆడమనిషి చదివిందంటేనే నమ్మరు.

"రెండుసార్లు చదివాను" అంది.

"అయితే అదే చెప్పాలి. అధికారి ముందు, వాళ్ళ లాయరు ముందు, మీ ఆయన ముందు. ఆయనకి తెలుసా?"

తెలియదన్నట్టు తలూపింది.

"ముందు ఆయనకి చెప్పండి. అక్కడ మొదటిసారి వింటే తట్టుకోలేరు."

ఆ సాయంత్రం కట్టు మారుస్తూ చెప్పింది. అతని మొహం చూడనక్కర్లేకుండా, వీపు తనవైపు ఉన్నప్పుడు చెప్పింది. పూర్తయ్యేదాకా అతను కదల్లేదు.

"పనికి రాలేదని రాశావా?"

"రాసింది వాళ్ళు. నేను సంతకం పెట్టాను."

"పాతికేళ్ళలో జ్వరమొచ్చినా ఒక్క పూట మానలేదు నేను. ఇంట్లో మెట్ల మీంచి పడ్డానా? తాగినోడిలాగా?"

"నిన్ను లోపలికి తీసుకెళ్ళట్లేదు. నేనేం చెయ్యను?"

"నన్ను రెండేళ్ళ బట్టీ వెర్రోణ్ణి చేసి కూర్చోబెట్టావు. వాళ్ళొస్తారు, వాళ్ళే ఇస్తారు అని నేను వాగుతుంటే వింటూ కూర్చున్నావు."

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె చేతి ముద్ద తినలేదు. కట్టు కట్టనిచ్చేవాడు, తప్పదు గనక. మూడో రోజు అత్త ఊరుకోలేకపోయింది.

"ఒరేయ్, అది ఆ సంతకం పెట్టకపోతే నువ్వీపాటికి గోడ మీద ఫొటోవి. ఆ మేకు కూడా దానిచేతే కొట్టించేవాళ్ళం. మాట్లాడవా? మాట్లాడకు. మౌనం నీకేమన్నా కొత్తా, కాళ్ళు ఎప్పుడో మాట్లాడటం మానేశాయి!"

అన్నాక ఆవిడే ఏడ్చింది.

ఏడో రోజు మేస్త్రీ వచ్చాడు. ఏడాది పైగా అయింది అతను ఆ గుమ్మం తొక్కి. గుమ్మం నేలకి సమానంగా ఉంటుంది. చెప్పులు బయట విప్పి ఒక్క అంగలో లోపలికొచ్చాడు. చేతిలో పళ్ళ సంచి.

"అన్నా, మనలో మనకి ఈ ఆఫీసులూ, లాయర్లూ ఎందుకు? కంపెనీ వాళ్ళతో మాట్లాడాను. ఎంతో కొంత ఇప్పిస్తాను, దరఖాస్తు వెనక్కి తీసుకోండి."

"ఎంతో కొంత అంటే?" అంది అత్త.

అతను చెప్పిన మొత్తం ఆరు నెలల దూదికీ మందులకీ మాత్రమే సరిపోతుంది. అత్త మూతి తిప్పుకుంది. అప్పుడతను వదినవైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"నీ మంచికే చెప్తున్నా వదినా. ఆ కాగితం అబద్ధమని నువ్వే చెప్తే, అబద్ధం రాసిచ్చినందుకు నీ మీదే కేసు పెడతారంట. జైలుకి పోయేది నువ్వు. ఈ మనిషిని అప్పుడెవరు చూస్తారు? అన్నా, నువ్వన్నా చెప్పు."

జైలు మాట ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తూకం మంచం మీంచి అడిగాడు. "ఆ రోజు నేను పనికొచ్చానా, రాలేదా?"

"అది వేరే సంగతి అన్నా."

"అదే సంగతి. పొద్దున్నే నీ దగ్గర్నుంచే కదరా తాళం తీసుకుని సామాన్ల గది తీసింది? ఆ చెక్క పుచ్చింది, మార్చమని ముందు రోజు చెప్పానా లేదా?"

మేస్త్రీ నేల చూశాడు. "నాకూ పిల్లలున్నారన్నా. వాళ్ళు పని ఆపేస్తే నా కింద నలభై మంది..."

"వెళ్ళిరా."

"అన్నా..."

"నువ్వు తెచ్చిన పళ్ళు కూడా తీసుకుపో."

అతను వెళ్ళాక తూకం భార్యవైపు తల తిప్పి, "దాహమేస్తోంది, మంచినీళ్ళియ్యి" అన్నాడు. తల్లి దగ్గరగా ఉన్నా ఆమెనే అడిగాడు.

జైలు సంగతి ఆమె లాయరమ్మని అడిగింది. "బెదిరిస్తారు. పెట్టినా నేనున్నాను. ప్రాణాల మీదికి తెచ్చి రాయించుకున్నవాళ్ళు ముందు జవాబు చెప్పుకోవాలి" అని ఆవిడ అంది. పెట్టరని మాత్రం అనలేదు. ఆమె అది గమనించింది.

విచారణ జరిగే కార్మిక శాఖ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు చెడిపోయింది. సాక్ష్యం చెప్పమంటే తలలు గోక్కున్న పాత కూలీల్లో నలుగురు, మొయ్యమంటే మాత్రం పని మానుకుని వచ్చారు. తూకాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పడకుండా తువ్వాలుతో కట్టి, మెట్లెక్కించారు. మలుపు దగ్గర కుర్చీ ఒరిగింది. "నలుగురు మోస్తున్నారు కదాని దింపెయ్యకండ్రా, నాకింకా ఊపిరుంది" అన్నాడు. ఒకడు నవ్వబోయి ఏడ్చాడు.

గది చిన్నది. అధికారి బల్ల చుట్టూ ఫైళ్ళు. మేస్త్రీని ముందు పిలిచారు. ఆ రోజు తూకం పనికి రాలేదని తడుముకోకుండా చెప్పాడు. తూకం వైపు చూడలేదు. తర్వాత ఆమెని పిలిచారు. కంపెనీ లాయరు కాగితం చూపించాడు.

"చదువుకున్నారా అమ్మా?"

"పదో తరగతి."

"అయితే ఇది చదివే సంతకం పెట్టారు."

"రెండుసార్లు చదివి పెట్టాను."

అతను ఇంకేదో జవాబు వస్తుందనుకున్నట్టున్నాడు. "అంటే అప్పుడైనా అబద్ధం చెప్పారు, ఇప్పుడైనా చెప్తున్నారు. ఎప్పుడు?"

"అప్పుడే."

"డబ్బు కోసం అబద్ధం చెప్పిన మనిషిని ఇప్పుడు ఎలా నమ్మాలి?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"డబ్బు నా చేతికి రాలేదండి. ఆ అబద్ధం నేను అల్లింది కాదు, టైపు చేసి మీవాళ్ళే తెచ్చారు. పెడితే ఆయన్ని లోపలికి తీసుకెళ్తారన్నారు, పెట్టకపోతే లేదన్నారు. మళ్ళీ అలాగే అడిగితే మళ్ళీ పెడతాను. పెట్టి, మళ్ళీ ఇక్కడికొచ్చి ఇదే చెప్తాను."

అధికారి రాసుకుంటున్నవాడు తల ఎత్తి చూశాడు.

లాయరమ్మ రెండే పనులు చేసింది. రేకుల గదుల ఫొటోలు బల్ల మీద పెట్టి, ఈ ఇంట్లో మెట్లు ఎక్కడున్నాయో వాళ్ళనే చూపించమంది. తర్వాత ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు డ్యూటీ డాక్టరు రాసిన మొదటి పేజీ నకలు చదివింది. దాని కోసం ఆవిడ మూడుసార్లు ఆ ఆసుపత్రి చుట్టూ తిరిగింది. పదకొండూ ముప్పావుకి తెచ్చారు, బట్టల నిండా తడి సిమెంటు, భవనం మూడో అంతస్తు నుంచి పడ్డాడని వ్యాను డ్రైవరు చెప్పాడు అని ఉంది అందులో. ఇంజనీరు కాగితం రాయించింది ఆ తర్వాత, మధ్యాహ్నం మూడింటికి.

తీర్పు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ప్రమాదం పనిలోనే జరిగిందనీ, కంపెనీ పరిహారం చెల్లించాలనీ అధికారి రాశాడు. ఆమె మీద కేసేమీ పెట్టలేదు. కానీ కంపెనీ పై కోర్టుకి వెళ్ళింది. డబ్బు ప్రభుత్వం దగ్గర జమ చేసింది గానీ, అప్పీలు తేలేదాకా చేతికి రాదన్నారు.

ఈలోగా ఆమెకి పనులు దొరకడం తగ్గింది. ఏ మేస్త్రీ దగ్గరికెళ్ళినా, "నువ్వా? నువ్వు కాగితాలు చదివేదానివి కదా" అని పంపించేసేవాళ్ళు. చివరికి ఒక బట్టలుతికే షాపులో ఇస్త్రీకి కుదిరింది. తూకానికి జ్వరాలు మొదలయ్యాయి. తుంటి పుండు ఎముక దాకా పోయింది. గదిలో వాసన ఎన్ని కిటికీలు తెరిచినా పోయేది కాదు. ఉన్నది ఒక్కటే కిటికీ. అత్త పగలంతా కొడుకు తల దగ్గర కూర్చుని విసిరేది. ఎకసెక్కాలు మానేసింది.

లాయరమ్మ పై కోర్టులో వైద్యం కోసమని పట్టుబట్టి, జమ చేసినదాంట్లో మూడో వంతు విడిపించింది. అది వచ్చిన రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఎముక వరకు పాకిన పుండు, ఒళ్ళు చిక్కిపోయింది, ఆపరేషన్ చేస్తాం గానీ మాట ఇవ్వలేం అని సర్జన్ అన్నాడు. చేర్చుకునే చోట ఒక నర్సు ఫారం నింపుతూ, మామూలుగా అందర్నీ అడిగినట్టే అడిగింది.

"నడుం ఎలా పోయింది? ఎక్కడ పడ్డాడు?"

ఆమె నోరు తెరిచింది. అంతకన్నా ముందే స్ట్రెచర్ మీంచి తూకం చెప్పాడు. జ్వరంతో గొంతు బొంగురుపోయింది, అయినా గట్టిగానే వినపడింది.

"పనిలోనమ్మా. మూడో అంతస్తు మీంచి. పొద్దున పదకొండు గంటలకి. రాసుకో."

నర్సు రాసుకుంది. ఆమె అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చింది. మంచం ఖాళీ లేదు, పేరు రాయించుకోవడానికి ఇంకో కౌంటర్ దగ్గర వరస ఉంది. మొహం తుడుచుకుని ఆ వరసలో చివర నిలబడింది.